బందరు గాలికి జహీరాబాద్ షట్టరు

మా బావ అస్థికలను షట్టరు వెనక బంధించి, పంతులుగారిని, చుట్టాలందరినీ, బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న వ్యానునూ వీధిలో నిలబెట్టిన ఘనుణ్ణి నేనే. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వదలచినవాళ్లు మొదట్లోనే నవ్వేయండి. మధ్యలో నేను ఏడుపందుకుంటే మీకు నవ్వడానికి మొహమాటంగా ఉంటుంది.

నాది జహీరాబాద్‌లో షట్టర్ల పని. హైవే పక్కనే దుకాణం. ఇక్కణ్ణుంచి చిరాగ్‌పల్లి దాకా మెకానిక్ షెడ్లకూ అల్లం గోదాములకూ ఉన్న షట్టర్లలో సగం నేను బిగించినవే. పైకి లేవకుండా మొరాయించేవన్నీ వేరేవాళ్లు బిగించినవి. ఈ మాట నేను చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను.

ఆ రోజుల్లో నాకో సిద్ధాంతం ఉండేది. షట్టరుకు నూనె తగలకూడదు. మా దగ్గర చెరకు ట్రాక్టర్లు, లారీలు లేపే దుమ్ము అంతా ఇంతా కాదు. నూనె పూస్తే ఆ దుమ్మంతా పట్టాల్లో చేరి ముద్ద కడుతుంది. అందుకని పొడిగుడ్డతో తుడిచి వదిలేయడమే. మా పొడి గాలికి, మా ఎండకు అది చక్కగా సరిపోతుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను దాన్ని భూగోళం మొత్తానికీ వర్తింపజేశాను.

మా సత్యం బావది బందరు. ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే విభాగంలో పనికొచ్చి, మా ఇంటి పైగదిలో అద్దెకు దిగాడు. దిగినవాడు మా సుశీలక్కను పెళ్లి చేసుకుని ఇంటివాడే అయిపోయాడు. నాకు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే, నేను తొలి షట్టరు బిగించినప్పుడు కింద నిలబడి నిచ్చెన పట్టుకుందీ ఆయనే. రిటైరయ్యాక అక్కతో, కూతురు సుధతో సొంతూరు వెళ్లిపోయాడు. అక్కడ సముద్రానికి దగ్గర్లో ఇల్లు కట్టుకుని, తన పాత ఎర్ర కారుకు ఒక షెడ్డు వేసుకున్నాడు.

"షెడ్డుకు షట్టరు మా మల్లేశే బిగించాలి. ఊళ్లో ఎంతమంది ఉన్నా సరే" అని ఫోను చేశాడు.

ఇంకేముంది? ఇక్కడే షట్టరు తయారుచేసి, లారీకెక్కించి, దానితోపాటు నేనూ ఎక్కి బందరులో దిగాను. బిగిస్తూంటే పక్కింటి సుబ్బారావుగారు వచ్చి రేకును వేలితో కొట్టి చూశారు.

"ఇది మామూలు రేకులా ఉందే. మాది ఉప్పుగాలి బాబూ, పైగా ఏడాది పొడుగునా చెమ్మ. జింకు పూత ఉన్న రేకు కావాలి. స్ప్రింగుకు గ్రీజు పట్టించాలి. వారానికోసారి మంచినీళ్లతో ఉప్పంతా కడిగి ఆరనిచ్చి నూనె రాస్తుండాలి."

"షట్టరుకు స్నానం చేపిస్తరా సార్ మీ దగ్గర?" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూసి వెళ్లిపోయారు. నేను గెలిచాననుకున్నాను. నిచ్చెన దిగి బావకు ఆజ్ఞలు జారీచేశాను.

"బావా, గీళ్ల మాటలు వినకున్రి. నూనె ముట్టద్దు, రంగు ముట్టద్దు. ఏడాదికొకసారి నేనే వచ్చి సర్వీసింగ్ చేసి పోత. మీరు జర గూడ ఫికర్ చెయ్యకున్రి."

"సరే మల్లేశూ, నీ షట్టరు నువ్వు చెప్పినట్టే" అన్నాడు బావ.

చూశారా? ఇనుము తుప్పు పట్టకుండా రంగులు వేయడమే జీవితమంతా పనిగా చేసిన మనిషికి నేను ఇనుము గురించి పాఠం చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు.

ఏడాదికొకసారి వస్తానన్నవాణ్ణి వెళ్లానా? వెళ్లలేదు. చెరకు సీజన్ అన్నాను, పిల్లల పరీక్షలన్నాను, మొగుడంపల్లిలో పెద్ద గోదాము పని ఒప్పుకున్నానన్నాను. ఫోనులో మాత్రం ఠంచనుగా అడిగేవాణ్ణి.

"షట్టరెట్లుంది బావా?"

"నీ షట్టరుకేం, రాజాలా ఉంది. నువ్వెప్పుడొస్తున్నావు?"

"వచ్చే నెల బావా."

మొదటి మాట విని మురిసిపోయేవాణ్ణి. రెండో మాట అందరూ అడిగేదే కదా అని పట్టించుకునేవాణ్ణి కాదు.

చివరికి వెళ్లాను. బావ గుండె ఆగిపోయిందని సుధ ఫోను చేస్తే వెళ్లాను. నిచ్చెన పట్టుకున్న ఆ మనిషి నట్టింట పడుకుని ఉంటే తలెత్తి చూడలేకపోయాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఇన్నేళ్లూ రాని తమ్ముణ్ణి పట్టుకుని అక్క ఒక్క మాట అనలేదు, "వచ్చినవా తమ్మి" అంది అంతే. తిట్టినా బాగుండేది.

అస్థికలు ఏరుకుని సాయంత్రం తిరిగొచ్చాం. ఆ కుండను ఇంట్లోకి తీసుకుపోకూడదు కదా. బయట చెట్టుకు కడదామంటే జల్లు పడుతోంది. "షెడ్డులో కొక్కేనికి వేలాడదీయండి. పొద్దున్నే సంగమానికి వెళ్లి కలిపేద్దాం. వర్జ్యం రాకముందే బయల్దేరాలి, ఆలస్యం చేయకండి" అని పంతులుగారు చెప్పి వెళ్లారు. కృష్ణ సముద్రంలో కలిసే చోటే తనను కలపాలని బావ ఎప్పుడూ అంటూండేవాడట. అక్కకు ఆ రోజు కావలసింది అదొక్కటే.

షెడ్డు దగ్గరికి వెళ్లి చూస్తే నా షట్టరు సగం లేచి ఉంది. దాని కింద ఒక కర్రదుంగ ఆనించి ఉంది. నా ప్రాణం చివుక్కుమంది. నా పనికి దుంగ ఆసరానా?

"గిదెవరు పెట్టిన్రు?" అన్నాను.

"మీ బావనే. దాన్ని తియ్యకు తమ్మి" అంది అక్క.

"అట్లనే ఉంటే కుక్కలు రావా? నేను దించుత, నువ్వు జరుగు."

సుధ గాబరాగా, "వద్దు మావయ్యా, నాన్న దాన్ని కదపొద్దనేవారు" అంటూనే ఉంది. కుండను లోపల వేలాడదీసి, బయటికొచ్చి, దుంగను కాలితో తన్నాను. షట్టరు ధడేల్‌మని కిందపడింది. పైన గొట్టంలో టంగుమని ఏదో తెగింది. నా నెత్తి మీద ఎర్రటి పొడి రాలింది.

"ఏందది?" అంది అక్క.

"ఏం లేదక్కా, సెట్టయింది" అన్నాను.

వృత్తిలో ఇంతకాలం ఉన్నవాణ్ణి, షట్టరును పైకి లాగే స్ప్రింగు తెగిన చప్పుడు నాకు తెలియదా? తెలుసు. ఒప్పుకోవడానికే నోరు రాలేదు.

తెల్లారింది. వ్యాను వచ్చింది, పంతులుగారు వచ్చారు, చుట్టాలు తలస్నానాలు చేసి తడి జుట్టుతో నిలబడ్డారు. నేను వంగి షట్టరు పట్టుకుని లేపాను. కదల్లేదు. నలుగురం పట్టుకున్నాం. కదల్లేదు. పట్టీలు ఒకదాన్నొకటి కరుచుకుని, పక్క పట్టాల్లో తుప్పు ఉబ్బి బిర్రుగా పట్టేసింది.

"కిరసనాయిలు పోయండి" అన్నారొకరు.

"కొబ్బరినూనె మంచిది" అన్నారొకావిడ.

"షట్టరు బాబు నూనె పొయ్యరండీ" అన్నారు సుబ్బారావుగారు గుర్తుపెట్టుకుని మరీ.

"బాబూ, టైము దాటిపోతోంది" అన్నారు పంతులుగారు.

"గ్రైండరు తెప్పిస్తే నిమిషంల కోస్త" అన్నాను.

అక్క నావైపు చూసింది. "నిప్పురవ్వలు లేస్తయి గద తమ్మి. ఆయన మీద మల్ల నిప్పు పోస్తవా?"

ఇక గ్రైండరు మాట ఎత్తలేదు. ఇనుము కోసే చేతిరంపం తెచ్చి కింది మూల దగ్గర కూర్చున్నాను. రెండు కోతలు కోసేసరికి రేకు అప్పడంలా విరిగి చేతికొచ్చింది. ఉప్పుగాలి లోపల్లోపల అంతా తినేసింది. పైకి షట్టరులా కనిపిస్తున్నదంతా తుప్పే. చేత్తోనే విరుచుకుంటూ దూరేంత కంత చేసి, బోర్లా పడుకుని లోపలికి పాకాను. జహీరాబాద్‌లో నన్ను ఉస్తాద్ అని పిలుస్తారు. బందరులో ఆ ఉస్తాద్ కాళ్లు మాత్రమే జనానికి కనిపించాయి.

లోపల కారు లేదు. అది వీధిలో టార్పాలిన్ కప్పుకుని ఉండటం నేను వచ్చినరోజే చూశాను, జనం వస్తారని బయటపెట్టారేమో అనుకున్నాను. కొక్కేనికి కుండ ఉంది. దాని కింద గోడవారగా తుప్పు పట్టకుండా పూసే ఎర్ర రంగు ప్రైమరు డబ్బా ఉంది, మూతైనా తీయలేదు. పక్కనే తుప్పు గీకే ఇనుప బ్రష్షు, నూనె సీసా, కొత్తవి రెండు రంగు బ్రష్షులు.

కుండ దించుకుని కంతలోంచి సుధ చేతికి అందించాను. తరువాత నేను బయల్దేరాను. తల వచ్చింది, భుజాలు వచ్చాయి, పొట్ట రాలేదు. లోపలికి వెళ్లేటప్పుడు పట్టిన పొట్ట బయటికొచ్చేటప్పుడు ఎందుకు పట్టదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముందు బావ బయటపడ్డాడు, వెనక నేను ఇరుక్కున్నాను. ఎర్రటి తుప్పు మొహంతో పంతులుగారి పాదాల దగ్గర పడి ఉన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. తలెత్తి చూస్తే అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బావ పోయాక అది మొదటి నవ్వు. "ఓ తమ్మీ... ఆయన చూసుంటేనా..." అంది. ఆ మాట పూర్తిచేయలేక అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

నేను ఇరుక్కునే అడిగాను. "అక్కా, లోపల రంగు డబ్బ ఎవరిది?"

"ఎవరిదుంటది? మీ బావది. నువ్వొస్తవని తెచ్చిపెట్టిండు."

"నేను రంగు ముట్టద్దన్న గద?"

"గందుకే ముట్టలే. జర నూనన్న పొయ్యున్రి అంటే, 'మల్లేశు వచ్చాక ఇద్దరం కలిసి చేసుకుంటాంలే, వాడు చిన్నబుచ్చుకుంటాడు' అనేటోడు."

సుధ కుండను గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. "షట్టరు లేపలేక ఒకసారి నాన్న నడుం కూడా పట్టేసింది మావయ్యా. అప్పట్నుంచే కారు బయటపెట్టి, దాని కింద దుంగ పెట్టారు. నీకు చెప్తానంటే ఒట్టు వేయించుకున్నారు" అంది.

నన్ను ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. చొక్కా చిరిగింది, వీపు గీసుకుంది. అది నొప్పే కాదు. ఆయన ఫోనులో "నువ్వెప్పుడొస్తున్నావు?" అన్నప్పుడల్లా ఆ డబ్బా పక్కన నిలబడి అడిగి ఉంటాడని తోచి, వీధిలో అందరి ముందూ భోరుమన్నాను. గీసుకున్నందుకనుకుని ఎవరో దూది తెచ్చారు.

వ్యానువాడు గట్టివాడు, వర్జ్యం రాకముందే సంగమానికి చేర్చాడు. సుధ నడుంలోతు నీళ్లలో నిలబడి తండ్రిని కలిపింది. నేను ఒడ్డున నిలబడి మనసులో "బావా, వచ్చిన" అన్నాను. ఆయనకు వినిపించే వేళకు రాలేదు నేను. దానికి ఏ సర్వీసింగూ లేదు.

ఇంటికొచ్చాక ఉత్త చేతులతో కూర్చోలేక టేపు తీసి షెడ్డు కొలతలు తీశాను.

"అక్కా, ఈసారి అల్యూమినియం షట్టరు పెడత. బోల్టులు స్టీలువి. తుప్పన్న మాటే ఉండది. ఏండ్లకేండ్లు ఎవ్వలూ వచ్చి చూసే పనే లేదు."

అక్క వచ్చి ఆ కంత అంచు మీద చేయి వేసింది.

"అద్దు. ఇనుపదే పెట్టు."

"ఇనుపది ఈ గాలికి ఆగదక్కా. నెల నెలా వచ్చి కడగాలె, నూనె పెట్టాలె. లేకుంటే మల్ల గిట్లనే అయితది."

"గందుకే ఇనుపది పెట్టుమంటున్న" అంది అక్క.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా రంపం మీద, గ్రీజు డబ్బా మీద చేయి వేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను. తోడబుట్టినదాని ఇంటికి తుప్పు పట్టని షట్టరు ఈ జన్మలో బిగించను.