నాయుడు మామ వాటా తిట్లు

డ్రైవరు వెనక వేలాడే చిన్న పెట్టె "డబ్బులు అందాయి" అని పలికినప్పుడల్లా నాకు అప్పలనాయుడు మామ బొంగురు గొంతు గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది. అనకాపల్లి నుంచి కె. కోటపాడు వెళ్లే మా ప్రైవేటు బస్సుకి ఆయన కండక్టరు, నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. పోయినవాళ్లని తలచుకున్నట్టు రాస్తున్నాను గానీ ఆయన నిక్షేపంలా ఉన్నాడు. గొలుగొండలో కూతురింట్లో కోళ్లని అదిలిస్తున్నాడు. బతికున్నవాడి మీద అసూయ పడటానికి మొహమాటం అక్కర్లేదు.

నేను చేరిన కొత్తలోనే ఓనరు చార్జీలు పెంచాడు. ముందురోజు మామ ఫుట్‌బోర్డు మీద నిలబడి ప్రతి స్టాపులోనూ అరిచాడు. "రేపట్నుండి ఐదు రూపాయలు ఎక్కువ. తిట్టేవోళ్లు ఇయాలే తిట్టీండి, రేపు నాకు కాళీ ఉండదు!"

వంకాయల గంపతో వచ్చే సన్యాసమ్మ మొదలెట్టింది. "నీ మీసాలకి నిప్పెట్ట!"

"ఇంకో రెండు తిట్టు అప్పా, నీ స్టాపు ఇంకా రానేదు."

మర్నాడు అందరూ కొత్త చార్జీ నోరెత్తకుండా ఇచ్చారు, ఆయనకి. నేను చెయ్యి చాపితే సన్యాసమ్మ కొంగుముడి బిగించింది. "నీకెందుకిత్తాను? నాయుడొత్తాడు." ఎవరైనా ఒక్కరు, ఒక్కసారి, నన్ను కండక్టరని నమ్మి టికెట్టు డబ్బులు ఇస్తే చాలని ఆ రోజుల్లో నా కోరిక. పెద్ద కోరికేం కాదు, అయినా తీరలేదు.

తరవాత ఫోను చెల్లింపులు వచ్చాయి, ఈ పలికే పెట్టె మాత్రం ఇంకా రాలేదు. మామది బటన్ల ఫోను. ఇక రాజ్యం నాదే అనుకుని, స్కాన్ చేసే అట్టని పతకంలా మెడలో వేసుకున్నాను. జనం నా గుండె మీద స్కాన్ చేసి, ఫోను తీసుకెళ్లి మామకి చూపించేవారు! కళ్లజోడు లేనిదే ఆయనకి అంకె ఆనదు. అయినా "పడింది, కూకో" అనేవాడు. ఒకసారి ఒక కుర్రాణ్ణి మాత్రం ఆపాడు. "నీది పడనేదు బాబూ, మళ్లీ కొట్టు." చూస్తే, అది నిన్నటి చెల్లింపు ఫొటో.

"ఎలా కనిపెట్టేవు మామా?"

"అందరూ ఫోను సూపించి నా మొహం సూత్తారు. ఆడు కిటికీ సూసేడు."

అంత తేలికైన సంగతి నాకు తట్టనందుకు వారం రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆయన గమనించలేదు, అది ఇంకో బాధ.

ఇప్పుడు కండక్టర్ని నేనే. మొన్న మళ్లీ చార్జీలు పెరుగుతాయనగా ముందురోజు ఫుట్‌బోర్డు మీద నిలబడి మామ మాటలే అరిచాను. సగంమంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మిగతా సగం నిద్ర. నన్ను తిట్టే దిక్కు కూడా లేదు. అప్పుడు సన్యాసమ్మ, తన మనవరాలు నేర్పినట్టు, ఫోనుతో స్కాన్ చేసింది. పెట్టె పలికింది. అయినా ఆమె ఫోను నాకు చూపించింది. నేను ఫోను చూడలేదు, ఆమె మొహం చూశాను.

"పడింది మామ్మా, కూకో."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ దుంప తెగ, మళ్లీ పెంచేసేరేట్రా!" అని మొదలెట్టి తన స్టాపు దాకా ఆపలేదు. ఇన్నాళ్లకి నేనూ కండక్టర్నయ్యాను.

దిగుతూ వెనక్కి తిరిగింది. "ఇయన్నీ నాయుడితో సెప్పు. సగం ఆడివే."

ఇంకా చెప్పలేదు. ఆ సగమూ నా దగ్గరే ఉంచుకున్నాను.