బోర్లించిన పళ్ళెం

కొరియాలోని మా దేగు ఊరి మాంసం బజారులో ఒక్‌బున్ అక్క కొట్టుకీ నా పేగుల కొట్టుకీ మధ్య ఉన్నది పలుచని రేకు ఒక్కటే. ఆవిడ నిట్టూర్చినా నాకు వినపడుతుంది. ఈ మూడేళ్ళుగా నిట్టూర్పులే ఎక్కువ.

మా ఊళ్ళో గొడ్డుమాంసం పచ్చిగానే తింటారు; ఏ రోజు కోసిన పశువును ఆ రోజే తినాలి. తెల్లవారితే అది పులుసుకే. శని, ఆదివారాలు కబేళా మూత కాబట్టి సోమవారానికి ఊరందరికీ నోరూరుతుంటుంది. వచ్చిన మాంసంలో మొదటి ముక్క అక్కదే. నలభై ఏళ్ళ అలవాటు. కళ్ళు మూసుకుని నమిలి, ఆవిడ "ఊఁ" అంటేనే అమ్మకం మొదలయ్యేది.

మూడేళ్ళ కిందట అక్క కిడ్నీలు పాడయ్యాయి. చెల్లెలు మల్సున్ తన కిడ్నీ ఒకటి ఇచ్చి బతికించుకుంది. ఇప్పుడు వేసుకునే మందులకు పచ్చిమాంసం పడదు, జన్మలో ముట్టొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచి మొదటి ముక్క మల్సున్‌ది. ప్రతి సోమవారం బస్సెక్కి వస్తుంది. చెల్లెలు తింటుంటే అక్క దాని నోటివంకే చూస్తుంది. నేను చూడలేక తల తిప్పుకుని పేగులు కడుక్కుంటాను.

"ఎలా ఉందే?"

"ఏముంది, చప్పగా ఉంది. నువ్వేం పోగొట్టుకోలేదులే."

"పోయినవారమూ అదే అన్నావు!"

"అదీ చప్పటి పశువే, నన్నేం చెయ్యమంటావు? నా కిడ్నీ నీ కడుపులో, నీ మాంసం నా కడుపులో. చెల్లుకు చెల్లు. ఇంక నోరు మూసుకుని కొయ్యి."

ఊరంతా లొట్టలేసుకుంటూ తినే మాంసం మల్సున్ ఒక్కదానికే చప్పగా ఉంటుందా? నేనేమైనా వెర్రిదాన్నా?

మొన్న సోమవారం ముదురెరుపు తొడ వచ్చింది. అక్క ముక్కలు కోసి పళ్ళెంలో పరిచి, చెల్లెలి ముఖం ముందు పళ్ళేన్ని బోర్లించింది. పళ్ళేనికి అతుక్కుపోయి ఒక్క ముక్కా రాలలేదు. మాంసం తాజాదనడానికి మా ఊళ్ళో ఇంతకు మించిన సాక్ష్యం లేదు.

"ఇప్పుడు తిని చెప్పు."

మల్సున్ ఒక ముక్కను కారం కలిపిన నువ్వుల నూనెలో ముంచి నోట్లో పెట్టుకుంది. తెలియకుండానే కళ్ళు మూసుకుంది. మింగి, "చప్పగా..." అనబోయింది.

అక్క కత్తి బల్లమీద పెట్టేసింది. "అబద్ధాలాడకే. నాకు ఆశ పుట్టకూడదని అలా అంటున్నావని నాకు తెలుసు. నా నోటికి ఎలాగూ లేదు. చెవికి కూడా లేకుండా చేస్తావా?"

నేను కుళాయి కట్టేశాను. నాకూ వినాలనిపించింది.

"ముందు చల్లగా తగులుతుందక్కా," అంది మల్సున్ తల వంచుకునే. "తరవాత నాలుకని పట్టుకుని వదలదు. కారం మండేలోపే నూనె వచ్చి సర్దేస్తుంది. నమిలేకొద్దీ తియ్యగా... చిన్నప్పుడు అమ్మ ఇదే బల్ల దగ్గర మనిద్దరి నోట్లో చెరొక ముక్కా పెట్టేది చూడు, అచ్చం అలాగే."

అక్క కళ్ళు మూసుకుంది. నోట్లో ఏమీ లేకపోయినా ఆవిడ దవడలు మెల్లగా కదిలాయి. చాలాసేపు అలా నమిలి, గుటక వేసి, "ఊఁ" అంది.