రూపాయి బిళ్ళతో ఖోర్ ఫక్కాన్‌కి

నెల్లూరులో తెల్లవారుజామున కారెక్కేటప్పటికి నా కుడి జబ్బకున్న ఇమామ్ జామిన్ ఆకుపచ్చ రంగు పోయి మసిగుడ్డలా తయారైంది. ప్రయాణమయ్యే మనిషికి మా ఇళ్ళలో రూపాయి బిళ్ళను గుడ్డలో చుట్టి అలా కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ రూపాయిని బీదవాళ్ళకు ఇవ్వాలి. అమ్మ నాకు కట్టింది పోయిన నెలలో. అప్పుడు చెన్నై విమానాశ్రయం పరీక్షలో కరోనా ఉందని తేలి, పెట్టెతో సహా వెనక్కి వచ్చాను. విప్పబోతే అమ్మ ఒప్పుకోలేదు.

"నువ్వు చేరిందెక్కడమ్మే? చేరినాక విప్పు" అంది.

నెలంతా దానితోనే స్నానాలు, నిద్రలు.

చెల్లెలి కాన్పుకని వచ్చి, విమానాలు ఆగిపోయి ఇరుక్కున్నాను. నా భర్త మస్తాన్ షార్జా కొండల అవతలున్న ఖోర్ ఫక్కాన్ పోర్టులో క్రేన్ నడుపుతాడు. అక్కడే మా పక్కవీధిలో నా కుట్టు దుకాణం. ఈ వారంలోగా దిగకపోతే నా వీసా పోతుంది. ఆ తర్వాత మేమిద్దరం ఎప్పుడు కలిసి ఉంటామో దేవుడికే తెలియాలి.

చెన్నైలో పొద్దున్నే పరీక్షకు ముక్కు అప్పగించి, చపాతీలు, ఖీమా విప్పాను. ఈ దారిన వచ్చేవాళ్ళు తిండి వెంట తెచ్చుకోండి, అక్కడి ఇడ్లీ ధర వింటే ఆకలి చచ్చిపోతుంది. మధ్యాహ్నం నెగెటివ్ అన్నారు. మాస్కులోనే పకపకా నవ్వేసరికి పక్కనున్నావిడ రెండు కుర్చీలు అవతలికి జరిగింది. తనిఖీలో యంత్రం నా జబ్బ దగ్గర కుయ్యిమంది. అక్కడి ఆఫీసరమ్మ తడిమి చూసి, నవ్వి వదిలేసింది.

సాయంత్రం షార్జాలో దిగాం. మళ్ళీ ముక్కులో పుల్ల. ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఒక్క గదిలోనే ఉండాలన్నారు. టాక్సీ నడిపిన కుర్రాడిది జగిత్యాల. అద్దాలన్నీ దించి, కొండల సొరంగాల గుండా హాయిగా తీసుకొచ్చాడు. మా వీధిలో దిగుతూ, జామిన్ రూపాయి ఉంది తీసుకుంటావా అని అడిగాను.

"నాకెందుకక్కా? పనున్నది, రూమున్నది. ఎవ్వడన్న గరీబోనికియ్యి" అన్నాడు.

మస్తాన్ దూరంగా నిలబడి పడకగదివైపు చెయ్యి చూపించాడు. ఇన్నాళ్ళకు చూసిన మొగుడు ట్రాఫిక్ పోలీసులా దారి చూపిస్తుంటే ఒళ్ళు మండింది. తలుపు దగ్గర అన్నం, చేపల పులుసు పెట్టాడు. ఉప్పెక్కువైంది, అయినా గిన్నె ఖాళీ చేశాను. రూపాయి ఎవరికివ్వాలని తలుపు ఇవతల్నుంచి అడిగితే, పొద్దున చెప్తానన్నాడు.

పొద్దున ఫోనుకు కబురొచ్చింది, నెగెటివ్. తలుపు తీశాను. మస్తాన్ గడప అవతల రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

"నాకియ్యిమే. ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే కూర్చొని ఖుబ్బూస్ రొట్టెలు తిన్యాను. ఈ ఊర్లో నాకంటే బీదోడు యాడుండాడు?"

చెన్నై నుంచి వెనక్కి పంపినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నెలంతా తడిసి ముడి బిగుసుకుపోయింది, మస్తానే పంటితో విప్పాడు. శుక్రవారం మసీదు దగ్గర మా ఇద్దరి పేరునా దానం చేశాం. ఆ రూపాయి మాత్రం మస్తాన్ ఇవ్వలేదు.