ఏ గుండీ?

మా తమ్ముడు లెక్కల మాస్టారు, నేను దర్జీని. కాలేజీలో వాడికి "చూపించు సారు" అని పేరు. ఏ పిల్లాడైనా "అలాంటి సంఖ్య ఒకటి ఉంటుంది సార్" అన్నాడో, అయిపోయాడన్నమాటే; "ఉంటే చూపించు" అని మీద పడేవాడు.

వాడి పగంతా ఎంపిక స్వీకృతం అనే దాని మీద. స్వీకృతం అంటే రుజువు అడక్కుండా ఒప్పేసుకునే మాటట. అదేమిటో నా కత్తిరింపు బల్ల దగ్గరే నాకు నేర్పాడు.

"మొద్దక్కా, అంతులేనన్ని డబ్బాలున్నాయనుకో. అన్నిట్లోనూ అచ్చం ఒకేలాంటి గుండీలు. ఒక్కో డబ్బాలోంచి ఒక్కటి తియ్యాలి. ఏ గుండీ? నియమం చెప్పలేవు. అయినా సరే, తీసేశాం అనుకుని ముందుకి పొమ్మంటుంది ఆ స్వీకృతం. విశ్లేషణ గణితంలో బోలెడంత దాని మీదే నడుస్తోంది. పొడవు కొలవడానికే వీల్లేని బిందువుల గుంపు ఉందని కూడా దాంతోనే నిరూపిస్తారు. చూపించమంటే మాత్రం నోరు మెదపరు."

"కొలతకి లొంగని గుడ్డ నా కొట్టుకి తేవద్దని చెప్పరా బాబూ" అన్నాను.

ఆ స్వీకృతం జోలికి పోకుండా విశ్లేషణ గణితంలోని అవధులు, అవిచ్ఛిన్నత లాంటివన్నీ మొదట్నించీ మళ్ళీ పుస్తకంగా రాస్తానని కూర్చున్నాడు. పదకొండేళ్ళు! ఉద్యోగం మానేశాడు, పెళ్ళి మాటెత్తితే కసిరాడు. ఇద్దరి కడుపులూ నా మిషనే నింపింది. నాకు ఒళ్ళు మండిపోయేది, దాచుకోవడమెందుకు. కానీ మధ్యాహ్నం పూట కాగితాలు తెచ్చి చదివి వినిపించేటప్పుడు వాడి మొహం చూసి ఊరుకునేదాన్ని.

నాలుగు వందల పేజీలు పూర్తయ్యాయి. అచ్చువేసేవాళ్ళు సరేనన్నారు. పంపే ముందు మొదటినుంచీ నాకు మళ్ళీ వినిపించాడు. నేను చొక్కాకి కాజాలు కుడుతున్నాను. పన్నెండో పేజీకొచ్చాడు.

"ఈ చుక్కకి అర అంగుళం లోపల దారి తప్పిన బిందువులున్నాయి. మూడో వంతు లోపలా ఉన్నాయి, నాలుగో వంతు లోపలా ఉన్నాయి, అలా అంతులేకుండా. ఒక్కో చోటునుంచీ ఒక్కో బిందువు తీసుకుని వరుసగా పేరిస్తే..."

"ఏది తీసుకోవాలిరా?"

"ఏదో ఒకటి."

"ఏ గుండీ అని నువ్వే కదా అడుగుతావు?"

"నీ మొహం" అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ మెట్టు పాఠ్యపుస్తకాల్లో మామూలేనట, ఎవరూ పట్టించుకోరట. వీడూ పట్టించుకోలేదు. మిగతా పేజీలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

వారం రోజులు వేరే దారి వెతికాడు. ఆ స్వీకృతం లేకుండా అసలు దారే లేదని ఎవరో ఎప్పుడో నిరూపించేశారని చివరికి తెలిసింది.

"ఆ స్వీకృతం వాడుకున్నాను అని ముందుమాటలో ఒక్క ముక్క రాసెయ్యరా" అని బతిమాలాను.

"అది వాడేటట్టయితే ఈ పుస్తకం ఎందుకక్కా?"

నా స్కేలు అడిగి తీసుకున్నాడు. రోజుకి పది పేజీల చొప్పున మూల నుంచి మూలకి గీత కొట్టుకుంటూ పోయాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. ఆఖరి పేజీ కొట్టేసిన వారానికి పోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

వాడి పాత కాలేజీ వాళ్ళొచ్చారు. పన్నెండో పేజీ దగ్గర నేనడిగిన ప్రశ్న సంగతి చెప్పాను. "మీ తప్పేం లేదమ్మా, మీరు కాకపోతే ఇంకొకరు అడిగేవారు" అని ఓదార్చారు. తలూపాను.

ఒక్కటి మాత్రం వాళ్ళకి చెప్పలేదు. ఆ పన్నెండో పేజీ వాడు నాకు మొట్టమొదట వినిపించింది పదకొండేళ్ళ కిందట, సిరా ఆరకుండానే. ఏ గుండీరా అని అప్పుడే నా నోటిదాకా వచ్చింది. మొద్దక్కా అంటాడని ఊరుకుని, కాజా కుట్టుకున్నాను.