నేను మార్చమన్న కెమెరా

నేను మంచోన్ని కాదు. ఇది ముందుగాలనే చెప్తే మీకూ నాకూ పరేషాన్ తప్పుతది. ఒక మనిషి నా దగ్గరికొచ్చి, "అన్నా, కెమెరా బాడీ మార్చమంటవా, వద్దంటవా?" అని అడిగిండు. వద్దని చెప్పాల్సిన కాడ మార్చమని చెప్పిన. తెల్వక కాదు, తెలిసే చెప్పిన.

మాది శంషాబాద్ పక్కన ఊరు. ఉన్న పొలంల సగం ఏర్‌పోర్ట్ రోడ్లకు పోయింది. మిగిలిన దాంట్ల రూములు కట్టి కిరాయికిచ్చిన. పొద్దంత పని లేదు. "తిన్నది అరుగక కెమెరా పట్టినవ్" అంటది మా ఇంటామె. మూడేండ్లల్ల మూడు బాడీలు మార్చిన, చెయ్యంత పొడుగు లెన్సు కొన్న. ఆదివారం పొద్దుగాల రావిర్యాల చెరువు కట్ట మీదికి పిట్టల ఫోటోలకు పోయే మా పది మందిల నా సంచే పెద్దది. అందుకే నన్ను పెద్దన్న అంటరు. ఎవలేం కొనాల్నన్నా నన్నే అడుగుతరు. ఫోటోలు తీసినంక హోటల్ల చాయ్ తాక్కుంట తలా ఒక్క ఫోటో ఫోన్ గ్రూపుల పెట్టాలె, ఏది మంచిగుందో నేను చెప్పాలె. కొత్త బాడీ కొన్నోడు అందరికి దావతియ్యాలె. ఇవి మా రివాజులు. అప్పటిదాక ఇచ్చిన మూడు దావతులు నావే.

నన్ను అడిగిన ఆ మనిషి కాటేదాన్ కార్ఖానల లేతు మిషన్ మీద పని చేసేటోడు. నాకంటె రెండేండ్లు చిన్న ఉంటడు. ఏండ్ల కింద మిషన్ మీదికెళ్లి ఇనుప ముక్క ఎగిరి కుడి కంట్ల పడ్డది, ఆ కన్ను పోయింది. ఉన్న ఎడమ కన్నును షుగర్ తింటున్నది. అది ఎంతకాలం కనవడ్తదో దవాఖానల చెప్తలేరు. కనవడ్తున్నన్ని దినాలు పిట్టలనన్న చూసుకుంటనని, ఎవలో వాడి ఇడిసిన కెమెరా, దానికో పాత పొడుగు లెన్సు కొనుక్కొని మా గుంపుల కలిసిండు. ఆ కెమెరా మూలలకు నల్లరంగు పోయి తెల్లగయింది. మొదటి ఆదివారమే దాన్ని చూసి, "తమ్మీ, ఇది ఫోటోలు తీస్తదా, జొన్నలు దంచుతదా?" అన్న. అందరు నవ్విన్రు. ఆయన గూడ నవ్విండు.

ఆయన ఫోటో తీసే తీరే వేరు. కెమెరాల కన్ను పెట్టి చూస్తే ఆయనకు అంతా మసకనే. పిట్ట ఉన్నది, అటు కదిలింది, గంతవరకే తెలుస్తది. మరి ఫోకస్ ఎట్ల చేస్తవ్ అని అడిగితే చెవి చూపెట్టిండు. ఆ పాత లెన్సుకు సొంత మోటర్ లేదు. మోటర్ బాడీల ఉంటది, అది తిప్పితేనే లెన్సు తిరుగుతది, తిరిగినప్పుడల్లా గిర్రుగిర్రుమంటది. ఏండ్లకేండ్లు మిషన్ సప్పుడు విన్న చెవి ఆయనది. లెన్సు ఇంకా దేవులాడుతున్నదా, పిట్టను పట్టిందా అన్నది సప్పుడును బట్టే చెప్తడు. సప్పుడు సాఫ్‌గ ఆగంగనే నొక్కుతడు. మీదికెళ్లి విమానం పోతున్నప్పుడు మాత్రం కెమెరా దించి నిలవడేటోడు. మా దిక్కు విమానాలకేం కొదువ? పిట్ట ఎగిరిపోతదని మేమంత ఆగమాగమైతుంటే, ఆయన విమానం పోయేదాక ఉలుకు పలుకు లేకుంట నిలవడి, అది పోయినంక ఒక్కటంటే ఒక్కటి తీసేటోడు.

ఆ ఒక్కటే నా పానం తీసేది. ఒక ఆదివారం గ్రూపుల కొంగ ఫోటో పెట్టిండు. ముక్కుల చేప, చేప తోక కొసకు నీటిబొట్టు, ఆ బొట్టు ఇంకా కింద పడలే. హోటల్ల అందరు మాటలు బంద్ చేసి ఫోన్లల్లనే ఉన్నరు. మా గుంపుల కోస్తా నుంచొచ్చి సెటిలైన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు ఒకాయన ఉన్నడు. మాట మెత్తగుంటది, గుచ్చేది గుచ్చనే గుచ్చుతడు. నా దిక్కు తిరిగి, "మీరేమీ అనుకోకపోతే ఒక మాటండీ. ఆయనకు ఉన్నది ఒక కన్ను, ఒక పాత కెమెరా. మీకు రెండు కళ్లు, మూడు కెమెరాలు. అయినా ఇలాంటి ఫోటో మీకెందుకు రాదంటారు?" అన్నడు.

అందరు పక్కున నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఒంటికన్నోనికి వచ్చింది నాకు రాకపాయె! ఈ మాట పైకి అనలే గని, లోపల రోజుకు పదిసార్లు అనుకున్న. గిట్ల అనుకునేటోడు మనిషేనా అని మీకనిపిస్తే, అనుకోండి.

దసరా పది దినాలున్నదనంగ ఆయన మా ఇంటికొచ్చిండు. "చిట్టి లేపిన అన్నా, పైసలొచ్చినయి," అన్నడు. "పొద్దు ఎక్కకముందు తీస్తే నా ఫోటోలల్ల చుక్కలు చుక్కలు పడ్తున్నయి. కొత్త బాడీలల్ల ఆ చుక్కలుండయంటున్నరు. ఈ కన్ను గూడ పోకముందే నాలుగు సాఫ్ ఫోటోలు తీసుకుంట. నువ్వైతే అన్ని వాడినోనివి. మార్చమంటవా, ఉన్నదాంతోనే సంసారం చెయ్యమంటవా?"

నాకు తెలుసు. అసొంటి పాత లెన్సు నా దగ్గర గూడ ఒకటుండె. కొత్త బాడీకి నడుమ రింగు పెట్టి తగిలిస్తే టక్కున కూసున్నది గని తిరగలే. లెన్సును తిప్పే మోటర్ ఆ కొత్త బాడీలల్ల ఉండదు. చేత్తోని తిప్పుకోవాలె. కండ్లున్నోడు తిప్పుకుంటడు. ఈయన ఏం చూసి తిప్పుతడు, ఏం విని నొక్కుతడు? తెర మీద పిట్టను పెద్దగ చేసి చూసుకోవచ్చు గని, అందాక పిట్ట ఆగుతదా? కొత్త తీరు పొడుగు లెన్సు కొనుడు ఆయనతోని అయ్యే పని కాదు. వద్దు తమ్మీ, నీకు ఇదే మంచిది అని చెప్పాలె, గంతే. మాట నోటిదాక వచ్చింది. కొంగ ఫోటో యాదికొచ్చింది.

"మార్చు తమ్మీ," అన్న. "ఇంకెన్ని దినాలు ఈ డొక్కు? నీ చేతుల కొత్త బాడీ పడ్డదంటే మేమంత మూటాముల్లె సర్దుకోవాలె."

"మరి నా లెన్సు?"

"రింగుంటది. మంచిగ కూసుంటది."

అబద్ధం ఆడలే. కూసుంటది అన్న, తిరుగుతది అనలే. ఆయన దుకాణంల గూడ కూసుంటదా అనే అడిగిండట. కూసుంటది అన్నరట.

ఇంకోమాట గూడ చెప్పిన, "దసరా నాడు పూజ చేసినంకనే తియ్యి" అని. ఇది మాత్రం కడుపుల పెట్టుకొని చెప్పింది కాదు. మా దిక్కు ఎవలైనా గట్లనే అంటరు, నోటికొచ్చింది, అన్న. మీరు నమ్మకపోయినా ఏమనను.

ఆయన నా మాట తప్పలే. పండుగ దాక డబ్బా సుత తెరవలే. దసరా నాడు లేతుకు పూజ చేసి, ఇంటికి పోయి కెమెరాను పీట మీద పెట్టిండు. వాళ్లమ్మ చెయ్యి పెద్దది. ముందట, వెనుక, రింగు మీద, పట్టుకునే రబ్బరు మీద, అన్ని దిక్కుల తడి పసుపు, కుంకుమ నిండుగ పెట్టింది. మాపటీలి జమ్మి ఆకు పట్టుకొని మా ఇంటికొచ్చిండు. ఆకు నా చేతుల పెట్టి, కాళ్లు మొక్కి, అలాయ్ బలాయ్ తీసుకొని, సంచిల నుంచి పాత బాడీ తీసి నాకిచ్చిండు. "దుకాణపోళ్లు దీన్ని మార్పిడికి అడిగిన్రన్నా. ఇయ్యబుద్ధి కాలే. నాకు తొవ్వ చూపెట్టినోనివి, నీ దగ్గరుంటే నాకు ఖుషీ." నేను తీసుకున్న. తీసుకపోయి నా కెమెరాల పక్కన పెట్టిన.

ఆ ఆదివారం చెరువు కాడ కొత్త కెమెరాకు లెన్సు తగిలించి ఎత్తిండు. దించిండు. మళ్ల ఎత్తిండు. కడకు లెన్సుకు చెవి ఆనిచ్చి ఒత్తి విన్నడు. "అన్నా, సప్పుడు వస్తలేదు," అన్నడు.

"కొత్తవాటికి సప్పుడుండదు. అలవాటైతది," అన్న.

పొద్దెక్కేదాక నొక్కుతనే ఉన్నడు. ఒక్కటి రాలే. అయినా దావతిచ్చిండు. నేను మటన్ రెండుసార్లు ఏయిచ్చుకొని తిన్న. సోమవారం దుకాణానికి పోతే, బొట్లు పెట్టిన దాన్ని వాపస్ తీసుకోం అన్నరట. రబ్బరుకు పట్టిన పసుపు ఎంత తుడిచినా పోలే. సంగతి తెలిసి గుంపుల అందరు అయ్యో అన్నరు. నేను అందరికంటె గట్టిగ అన్న. "నీ పాతది తీసుకపో తమ్మీ" అని మాత్రం అనలే. ఆయన గూడ అడగలే. జమ్మితోని ఇచ్చిన వస్తువును ఎవలైనా అడుగుతరా? పైనుంచి వారం దినాలకు ఆ పొడుగు లెన్సు గూడ తెచ్చి నాకే ఇచ్చిండు. "బాడీ నీ దగ్గరున్నది, ఇది నా దగ్గరేం చేస్తది? రెండు ఒక్క కాడుంటే మంచిది," అన్నడు. ఛీ, నా బతుకు! అయినా తీసుకున్న.

ఆ రెంటితోని నెల దినాలు తీసిన. గిర్రుగిర్రుమంటనే ఉన్నది, నాకేం సమజ్ కాలే. అన్ని ఎప్పటి తీరు ఫోటోలే, పిట్ట ఉంటది, పానం ఉండది.

ఆయన మాత్రం ఆదివారాలు రాకుంట ఉండలే. ఒట్టి చేతులతోని వచ్చి కట్ట మీద నా పక్కన నిలవడేటోడు. ఒక పొద్దు నలుపుతెలుపు లకుముకి పిట్ట నీళ్ల మీద ఒక్కకాడ్నే రెక్కలు కొట్టుకుంట ఆగింది. నేను గబగబ ఆ పాత కెమెరా ఎత్తిన. మీదికెళ్లి విమానం వచ్చింది. "ఆగన్నా," అని నా మోచెయ్యి పట్టుకున్నడు. పిట్ట టప్పున నీళ్లల్ల పడ్డది. విమానం పోయింది. చేప నోట్ల పట్టుకొని పిట్ట పైకి లేసింది. లెన్సు గిర్రుమన్నది. ఆయన తల వంచి వింటున్నడు. "ఇంకా లేదు... ఇంకా లేదు... ఇగ నొక్కు!"

నొక్కిన.

తెర చూసుకున్న. రెక్కలు, చేప, చెదిరిన నీళ్లు, పిట్ట కంట్ల సూర్యుని చుక్క. ఇన్నేండ్లల్ల నాకు రానిది వచ్చింది. ఆయన మొఖం తెర దగ్గరికి తెచ్చి చూసిండు. ఎండల ఆయనకేం కనవడలే. "ఎట్లొచ్చిందన్నా?" అని అడిగిండు.

"మసకొచ్చింది తమ్మీ. పోయింది," అన్న.

"పోనీ అన్నా, మళ్ల వస్తది," అని నా వీపు మీద చెయ్యేసిండు.

హోటల్ల ఆయన షుగర్ గోలీలు తెచ్చుకుంటనని లేసిపోయినంక ఫోటో గ్రూపుల పెట్టిన, నా పేరు మీద. బ్యాంకు ఆఫీసరు లేచి నాతోని చెయ్యి కలిపిండు. "ఇన్నాళ్లకు సాధించారండీ!" అన్నడు. ఆ మాట కోసం ఎంత కాలం కాసుకున్ననో నాకే ఎరుక. మస్తు సంతోషపడ్డ, అబద్ధమెందుకు.

పగటీలి గ్రూపుల తమ్మి గొంతు రికార్డయి వచ్చింది. "పెద్దన్నా, ఫోటో జబర్దస్తుంది. మా బిడ్డ పెద్దగ చేసి చూపెట్టింది, చేప పొలుసులు సుత కనవడ్తున్నయంట. మసకొచ్చింది అన్నవ్ గని, నేను అప్పుడే అనుకున్న. సప్పుడు సాఫ్‌గ ఆగింది గదా అన్నా."

మళ్ల ఆదివారం నుంచి ఆయన రాలే. నేను ఫోన్ చెయ్యలే. ఎండకాలంల ఆ కన్ను గూడ పోయిందని ఎవలో చెప్పిన్రు.

మొన్న దసరాకు మా ఇంటామె నా కెమెరాలన్ని పీట మీద పేర్చి పసుపు కలుపుతున్నది. మూలలు తెల్లగైన దాన్ని చేతిల పట్టుకొని, "ఇది ఆ లేతు తమ్మిది గదా? వాపస్ ఇయ్యకపోయినవా?" అన్నది.

"ఇచ్చి ఏం లాభం? ఇగ ఆయనకు కండ్లే లెవ్వు," అన్న.

"నీకున్నయి గదా, నువ్వేం తీస్తున్నవ్?" అని దానికి గూడ బొట్టు పెట్టి లోపలికి పోయింది.