ట్యాంకు మూత మీద సబ్బు

1998 జూన్‌లో నన్ను విజయవాడలో ఒక పడవ ఇంజన్ల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా వేశారు. నా పైన ఇంజనీరు, కింద నలుగురు మెకానిక్కులు. పడవ వెనుక చెక్కకు బిగించే మోటార్లన్నీ ముందు నా బల్ల మీదికే వచ్చేవి.

ఆ వానాకాలం నాగాయలంక వైపు నుంచి పోతురాజు, నాంచారమ్మ అనే దంపతులు ఒక పాత మోటారును గోనెసంచిలో చుట్టి తెచ్చారు. పోతురాజుకు కుడి భుజం జారిపోయి తెడ్డు వేసే ఓపిక లేకుండా పోయింది. అందుకని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. వల లాగడానికి నాంచారమ్మ కూడా పడవెక్కుతోంది.

సరిగ్గా స్టార్టు కావడం లేదన్నారు. కార్బురేటర్ విప్పితే అడుగున నీటి చుక్కలు కనిపించాయి. శుభ్రం చేసి, పెట్రోల్లో చుక్క నీరు కూడా పడకూడదని గట్టిగా చెప్పి పంపాను.

రెండు వారాలకు మళ్ళీ వచ్చారు. పది నిమిషాలు నడిచి ఆగిపోతోందట. నీళ్ళ డ్రమ్ములో పెట్టి, మా ట్యాంకు తగిలించి గంటసేపు నడిపాను. ఒక్కసారీ ఆగలేదు. "మీకే నడపడం రావడం లేదేమో" అన్నాను. ఇద్దరూ మోటారును మళ్ళీ గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

మూడోసారి నాంచారమ్మ ఒక్కతే వచ్చింది. ముందురోజు ఇంజను ఆగిపోతే, పోటు తగ్గి వెనక్కి తీసే పాటు నీరు పడవను సముద్రం వైపు లాక్కుపోయిందట. ఎవరో తాడు విసిరి కాపాడారు.

"ఒంటిచేత్తో తెడ్డేస్తా ఏడ్చాడండీ. ఆయన ఏడవగా నేనెప్పుడూ చూళ్ళేదు" అంది.

మర్నాడే ఇంజనీరు గారి అనుమతి తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. ముగ్గురం పడవలో ఏట్లోకి దిగాం. సరిగ్గా పది నిమిషాలకు ఇంజను ఆగింది. ట్యాంకు నుంచి ఇంజనుకు పోయే గొట్టం మధ్యలో, పెట్రోలు ఎక్కించడానికి చేత్తో నొక్కే రబ్బరు బంతి ఉంటుంది. అది లోపలికి నొక్కుకుపోయి ఉంది. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. బంతి మళ్ళీ గుండ్రమైంది. పెట్రోలు ఖర్చవుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి మూతకు సన్నని రంధ్రం ఉంటుంది. దాన్ని ఎవరో బట్టల సబ్బుతో శ్రద్ధగా పూడ్చేశారు.

నాంచారమ్మ ముఖం పాలిపోయింది. "నేనేనండీ పెట్టింది. చుక్క నీళ్ళు పడకూడదని మీరే గదండీ చెప్పారు."

నేను నోరు తెరిచేలోగా పోతురాజు అందుకున్నాడు. "దాన్నేం అనకండయ్యా. అది పూడుస్తుంటే నేనూ చూశాను. మంచిపనే అనుకున్నాను." ఎడమచేత్తో భార్య భుజం మీది చెంగు సర్దాడు.

అనవలసింది ఆమెను కాదు, నన్ను. ఆ మాటే వాళ్ళకు చెప్పాను. సబ్బు గీకేశాను. ఒడ్డుకు చేరాక ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా పెట్రోలు దారంతా వాళ్ళిద్దరి చేతా విప్పించి, మళ్ళీ బిగింపజేశాను. అలల జల్లు పడేటప్పుడు మూత మీద గొడుగులా కప్పి, గాలి మాత్రం ఆడేలా ఒక రేకు ముక్క వంచి ఇచ్చాను. మధ్యాహ్నం గంటన్నర తిరిగాం, ఎక్కడా ఆగలేదు.

తరవాత నా సర్వీసంతా, ఇంజను ఆగిపోతోందని వచ్చిన వాళ్ళను ట్యాంకు, గొట్టం కూడా తెమ్మన్నాను. ఇది చెయ్యకూడదని చెప్పినప్పుడల్లా ఎందుకు చెయ్యకూడదో కూడా చెప్పాను. కారణం తెలియని జాగ్రత్తను మనుషులు తమకు తోచిన చోటల్లా వాడతారు. ఆ తప్పు వాళ్ళది కాదు.