మూడు దెబ్బలు, రెండు దెబ్బలు

మొన్న మంగళవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, నిజామాబాద్‌లో ఒక చెవుల డాక్టరు గారి దగ్గర, అలమారకంటే కొంచెం పెద్దదైన గాజు గదిలో నన్ను కూర్చోబెట్టి తలుపు మూశారు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న టీచరును. ఇంత తేలికైన పరీక్షలో తప్పుతానని అనుకోలేదు. బయటికి వచ్చాక పరీక్ష చేసిన అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "మేడం, సప్పుడు ఇయ్యనప్పుడు గూడ ఐదుసార్లు నొక్కిన్రు" అన్నది. కాగితం మీద ఆ ఐదు గుర్తులనూ చూపించింది. మూడు గుర్తులు, కొంత ఎడం, మళ్లీ రెండు. ఆమెకు అవి ఒక నడివయసు మనిషి కంగారు. నాకు మాత్రం నా చేయి నన్నడగకుండా ఏం వాయించిందో అర్థమైంది. ఇంటికి వచ్చి పాత డైరీలున్న ట్రంకుపెట్టె తీశాను.

మా మామ, అంటే మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, బోధన్‌కు బస్సులో అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న చక్కెర మిల్లులో ఫిట్టరు. ట్రంపెట్ ఆయనకు మా చర్చిలో అబ్బిన విద్య. ఆరాధన గీతాలు తప్ప మరొకటి ఎరుగని ఆ ట్రంపెట్‌ను చెడగొట్టినవాడు, మా అత్త మాటల్లో చెప్పాలంటే, గోవా నుంచి వచ్చిన బాయిలర్ ఇంజనీరు. ఆయన దగ్గర క్యూబా దేశపు నాట్య సంగీతం రికార్డులు పదకొండు ఉండేవి. రుంబా, మాంబో, చాచాచా. ఆ ద్వీపంలోనూ చెరకే పండుతుందనీ, ఈ పాటలు చెరకు కొట్టే చేతుల్లో పెరిగినవనీ ఇంజనీరు చెప్పిన మరుక్షణం, మామకు అవి పరాయి పాటలు కాకుండా పోయాయి. "గట్లనా సారూ! అయితే మనోళ్లే" అన్నాడట. ఇంజనీరు బదిలీ అయి వెళ్తూ ఆ పదకొండూ మామకే ఇచ్చి వెళ్లాడు. పెళ్లిలో సన్నాయికి కూడా తల ఊపని మనిషి బనియన్ మీద నడింట్లో కాళ్లు కదుపుతుంటే, మా అత్త పొయ్యి దగ్గర నుంచి, "గా అడుగులేందో బాయి కాడికి ఏసి, రెండు బిందెల నీళ్లన్న తే" అనేది.

మామ కట్టిన బ్యాండులో నాతో కలిపి ఎనిమిదిమందిమి. శాక్సఫోన్లు రెండూ నిజామాబాద్ పెళ్లి మేళాల నుంచి వచ్చాయి. జంట డోళ్లు వాయించడానికి, ఊరంతా తాత అని పిలిచే డప్పు కళాకారుడు వచ్చాడు. ఎండిన సొరకాయ బుర్రలో సీతాఫలం గింజలు పోసి గిలక చేశారు. ఇక ఆ సంగీతానికి వెన్నెముక లాంటివి రెండు కట్టెముక్కలు. పాత బండికాడి నుంచి కోసిన తుమ్మకట్టెలు, ఒక్కొక్కటి జానెడు. మూడు దెబ్బలు, రెండు దెబ్బలు, మూడు, రెండు. పాట మొదటి నుంచి చివరి దాకా అంతే. ఆ కట్టెలు మామ నాకిచ్చినప్పుడు చర్చి పెద్ద ఒకాయన, "ఆడపిల్ల చేతికి కట్టెలిచ్చినవేందయ్యా?" అని అడిగాడు. "మరి నీ కొడుక్కియ్యాల్నా? ఆనికి నాలుగు దాంక లెక్కస్తదా?" అన్నాడు మామ. నాతో మాత్రం ఒకే ఒక నియమం చెప్పాడు. "ఎవ్వలు తప్పినా కట్టెలు తప్పొద్దు బిడ్డా. నేను తప్పినా సరే. నువ్వు నిలబడితే మేమందరం తిరిగి నీ కాడికే వస్తం."

మిల్లులో చెరకు పిండే రోలర్ల దగ్గర మామ పని. అక్కడ మాట్లాడుకోవాలంటే చెవిలో అరవాలి. తోటివాళ్లు దూది పెట్టుకునేవాళ్లు. మామ పెట్టుకోలేదు. "దూది వెట్టుకుంటే మిషిను ఏమంటున్నదో ఎట్ల ఇనవడ్తది?" అనేవాడు. ఏ బేరింగు అరుగుతున్నదో శబ్దాన్ని బట్టి చెప్పగలననే గర్వం ఆయనది. ఆ గర్వమే ఆయన చెవులను కొద్దికొద్దిగా తినేసింది. నా డైరీలో దాని ఆనవాళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ నేను గుర్తుపట్టలేదు. ఒక ఆదివారం చర్చిలో అందరూ చరణం ముగించాక మామ ఇంకా అరచరణం ఒంటరిగా పాడాడని రాసుకున్నాను, నవ్వుకుంటూ. నన్ను వెనుక వరుసలోంచి తీసుకొచ్చి ముందు, తనకు ఎదురుగా కుడివైపున నిలబెట్టాడని రాసుకున్నాను, పొంగిపోతూ. నా వాయిద్యానికి దక్కిన గౌరవం అనుకున్నాను. ఆయనకు కట్టెల శబ్దం వినిపించడం మానేసిందనీ, నా చేతులు చూసి పాట పట్టుకుంటున్నాడనీ తెలియలేదు.

ఎనభై ఏడులో మిల్లుకు కొత్త మేనేజరు వచ్చాడు. ఏటా చెరకు ఆడడం ముగిశాక వచ్చే ఆదివారం సాయంత్రం, ఆఫీసర్ల క్లబ్బులో మా బ్యాండు వాయించడం పదేళ్ల ఆనవాయితీ. కొత్తాయన పెద్ద స్పీకర్లున్న టేప్‌రికార్డరు తెప్పించాడు. ఈసారికి బ్యాండును చూసి, ఇకముందు ఉంచాలో వద్దో నిర్ణయిస్తానని మర్యాదగానే చెప్పాడు. పెళ్లి ఊరేగింపుల్లో చాచాచా అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ క్లబ్బు పోతే ఆ సంగీతానికి ఈ భూమ్మీద మాకు మరో చోటు లేదు. మామ ఇరవై మూడు రోజులు సాధన చేయించాడు. ప్రతి రోజూ నా వైపుకు కుర్చీ ఇంకొంచెం జరుపుకున్నాడు.

ఆ ఆదివారం ఆరు గంటల పది నిమిషాలకు మొదలుపెట్టాం. మూడు పాటలు లోపం లేకుండా సాగాయి. మేనేజరు కాలు కూడా కదలడం నేను చూశాను. నాలుగోది మామకు ప్రాణమైన పాట. ముందు నా కట్టెలు మాత్రమే నాలుగు చుట్లు మోగాలి. తర్వాత, మూడు దెబ్బల మీద సరిగ్గా ట్రంపెట్ అందుకోవాలి. నాలుగో చుట్టులో ఫోటోగ్రాఫరు మా ఇద్దరి మధ్యకు వచ్చి, నాకు వీపు పెట్టి మామకు గురిచూశాడు. ఫ్లాష్ వెలిగింది. మామ ట్రంపెట్ ఎత్తాడు. మూడు దెబ్బల మీద పడవలసిన పాట రెండు దెబ్బల మీద పడింది.

సరిచేయడం కష్టం కాదు. నేను ఒక్కసారి రెండు దెబ్బల భాగాన్ని వదిలేస్తే చాలు, పాట అతుక్కుంటుంది. తాత నా వైపు వంగి, "తిప్పు బిడ్డా! మామ దిక్కు తిప్పు!" అన్నాడు. నేను తిప్పలేదు. సగం బ్యాండు నాతో, సగం మామతో నడిచింది. నాట్యమాడుతున్నవాళ్ల కాళ్లు తడబడ్డాయి. ఎవరో ఒకామె పకపకా నవ్వింది. ముందు శాక్సఫోన్లు ఆగాయి, తర్వాత డోళ్లు, చివరికి నేను. మామ మాత్రం కళ్లు మూసుకుని ఇంకా వాయిస్తూనే ఉన్నాడు, ఎంతో అందంగా, ఒక్కడే. మేనేజరు చేయి ఊపితే టేప్‌రికార్డరు మోగింది. దానిమీద కూడా మామ వాయించాడు. ఊపిరి కోసం కళ్లు తెరిచినప్పుడు కదలకుండా ఉన్న నా చేతులు కనిపించాయి. అప్పుడు ట్రంపెట్ దించాడు.

బయట వేపచెట్టు కింద ట్రంపెట్‌ను గుడ్డతో తుడుస్తూ, నా పెదవుల వైపు చూస్తూ అడిగాడు.

"ఎవలు తప్పిండ్రు?"

"నువ్వే, మామా."

"నువ్వు కట్టె తిప్పలేదు గదా?"

"తిప్పలే."

"మంచిగ జేసినవ్" అన్నాడు. మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు, అప్పటికే మెరుస్తున్నదాన్ని.

ఆ నియమం కోసమే తిప్పలేదని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. డైరీలో ఆ రోజు పేజీ తీస్తే ఉన్నది వేరు. "నేను తప్పలేదు" అని రాసి, కింద రూళ్లకర్రతో గీత గీసుకున్నాను.

తర్వాత మామ ట్రంపెట్ ముట్టలేదు. రికార్డులు అత్త పాత చీరలో మూటగట్టి అటక మీద పెట్టింది. మిల్లు మూతబడిన రోజు వీధంతా బయటికి వచ్చి నిలబడి, ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక గొంతులు పెంచి మాట్లాడుకుంటుంటే, మామ అరుగు మీద కూర్చుని, "మీకు ఇయ్యాల ఆగింది. నాకెప్పుడో ఆగింది" అన్నాడు. అదొక్కటే నవ్వు ఆయన మిగుల్చుకున్నది. చివరి సంవత్సరం నేను మంచం పట్టె మీద వేళ్లతో ఆ దెబ్బలు వేసేదాన్ని. ఆయన అరచేయి కర్రకు ఆనించి పెట్టేవాడు. ఒకసారి, "ఉరుకుతున్నవ్ బిడ్డా" అని సరిదిద్దాడు. నిజమే, ఉరికాను. ఆ నెలలోనే పోయాడు. సమాధి దగ్గర వాయించడానికి ఎనిమిదిమందిలో మిగిలింది ఇద్దరం, ఇద్దరమూ వాయించలేదు.

ట్రంకుపెట్టె అడుగున ఆ ఫోటో ఉంది. మామ ట్రంపెట్ సగం ఎత్తి ఉన్నాడు. ఆయన కళ్లు కెమెరా వైపు లేవు. అడ్డొచ్చిన మనిషిని దాటి, పక్కకు, ఫోటోలో లేని నా చేతుల కోసం వెతుకుతున్నాయి. నేను వదిలేయవలసిన ఆ రెండు దెబ్బల నిడివి ఎంతో, కాగితం మీద లెక్క వేశాను. రెండు సెకన్లు. ఇరవై ఒక్క ఏళ్లుగా అవే గడుస్తున్నాయి.